శేఠ్ కొడుకు స్పెల్లింగు దిద్దిన రోజు

మొన్న ఉద్యోగం మారుతుంటే పాత ఆఫీసు వాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. దాన్ని రిలీవింగ్ లెటర్ అంటారట. ఫలానా తేదీ నుంచి మిమ్మల్ని రిలీవ్ చేస్తున్నామని అందులో ఎంతో మర్యాదగా రాసి ఉంది. పక్క కుర్చీలో అమ్మాయి కంగ్రాట్స్ అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మనిషిని పనిలోంచి పంపడానికి వీళ్లకు వేరే మాటే దొరకలేదా? రిలీఫ్ ఎవరికి, వాళ్లకా నాకా? ఆ మాట మీద నాకు పాత పగ ఉంది. చెప్తే నవ్వొస్తుంది, నవ్వితే నవ్వండి. మా ఇంట్లో మాత్రం చివరికి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నాకు పదమూడేళ్లు. సూరత్‌లో నవాగామ్ వైపు ఒక రూముల వరసలో ఉండేవాళ్లం. పన్నెండు గదులకు రెండు నల్లాలు. సగం మంది మా తెలంగాణ వాళ్లు, మిగతావాళ్లు ఒరియా వాళ్లు, మరాఠీ వాళ్లు. మగవాళ్లంతా కరెంటు మగ్గాల మీద పనిచేసేవాళ్లే. బాపుకు, అంటే మా నాన్నకు, ఎనిమిది మగ్గాలు. సొంతం కాదు, శేఠ్ కార్ఖానాలో ఆయన చూసుకునేవి. కానీ నా మగ్గాలు అనే అనేవాడు. మూడోదానికి దగ్గు అనీ, ఏడోది పొగరుబోతనీ, నాలుగోది బంగారుతల్లి అనీ అన్నం తింటూ చెప్పేవాడు. ఇంటికొస్తే ఆయన దగ్గర మెషీన్ నూనె వాసన, గంజి వాసన కలిసి వచ్చేవి. కనుబొమ్మల మీద దారం నూగు ఉండేది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. అవ్వ ఆ నూగును కొంగుతో తుడిచాక గాని కంచం పెట్టేది కాదు.

ఆ ఎండాకాలం కరోనా రోగం వచ్చి మగ్గాలన్నీ ఆగిపోయాయి. పగలూ రాత్రీ వినపడే టకటక ఒక్కసారిగా పోయేసరికి మాకు చెవులు దిబ్బడేసినట్టయింది. మధ్యాహ్నం ఖిచిడీ బండి వచ్చేది. గిన్నెలు పట్టుకుని సున్నపు గీతల మధ్య నిలబడేవాళ్లం. ఆ ఖిచిడీలో తీపి తగిలేది. అవ్వ దానికి పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ నలిపిన పచ్చిపులుసు చేసి ముందర పెట్టేది. "పప్పుల బెల్లమేసుడేందో, దేవుడా," అని రోజూ ఒకే మాట. అయినా గిన్నె మాత్రం ఊడ్చి తినేవాళ్లం.

మా ఇంట్లో ఒకే ఒక ఫోను. నా ఆన్‌లైన్ క్లాసుల కోసం బాపు పాతది కొన్నాడు. దాంతో నేను వరసకంతటికీ పెద్దమనిషినయ్యాను. ఆ ముందు ఏడాదే నన్ను తెలుగు బడి మానిపించి ఇంగ్లీషు మీడియంలో వేశారు. వరసలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగేది నేనొక్కదాన్నే. మందు చీటీలు, కరెంటు బిల్లులు, మున్సిపాలిటీ వాళ్లు గోడకు అంటించిన కాగితాలు, అన్నీ నా ముందుకే వచ్చేవి. నా చదువు గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉండేదని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. తెలియని మాట వస్తే ఆగేదాన్ని కాదు. చుట్టుపక్కల మాటలు చూసి, ఏదో ఒకటి అతికించి, గొంతు పెంచి చెప్పేదాన్ని. గొంతు పెంచితే జనం నమ్ముతారని అప్పుడే కనిపెట్టాను.

ఒకసారి ఎవరో వచ్చి ఇంటింటికీ చేతులకు రాసుకునే శానిటైజర్ సీసాలు పంచారు. దాని మీద ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ అని ఉంది. ఎక్స్‌టర్నల్ అంటే బయట. ఇంకేం, "ఇది బయటికి పోయినప్పుడే వాడాలె, ఇంట్ల వాడొద్దు," అని తీర్పు చెప్పాను. తాగకూడదు, పైన రాసుకోవడానికే అని దాని అర్థం. మా వరసలో పన్నెండు గదుల వాళ్లూ ఆ సీసాలను చెప్పుల పక్కన పెట్టుకుని, గడప దాటేటప్పుడు రాసుకుని, లోపలికొచ్చేటప్పుడు రాసుకోకుండా వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నా పరువు నిలిచింది. అదే నా కొంప ముంచింది.

ఇంగ్లీషు సారుతో కూడా నాకు పడేది కాదు. ఆయన ఫోన్‌లో చిన్న గడిలో కనిపించి, బ్రాకెట్లో ఉన్న రెండు మాటల్లో సరైనది ఎన్నుకోండి అనేవాడు. ఒకరోజు గ్రే అంటే ఏమిటని అడిగాడు. నేను చటుక్కున, రంగు వేయని గుడ్డ అన్నాను. సూరత్‌లో ఎవరినైనా అడగండి, మగ్గం మీద నుంచి దిగిన పచ్చి గుడ్డను గ్రే అనే అంటారు. రింగ్ రోడ్ మార్కెట్లలో లారీలకు లారీలు దిగేది అదే. సారు తల పట్టుకుని, "బేటా, గ్రే అంటే రంగు," అన్నాడు. రంగే లేని గుడ్డను గ్రే అంటుంటే గ్రే రంగెలా అవుతుంది సర్ అన్నాను. ఆయన నన్ను మ్యూట్ చేశాడు. నా మాట నిజమే కదా, ఆయన మాటా నిజమే కదా, ఒకే మాటకు రెండు అర్థాలుంటాయని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయింది? ఇప్పటికీ గుర్తొస్తే చిర్రెత్తుతుంది.

ఇలా ఉండగా శేఠ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అంతకుముందు కార్ఖానా కబుర్లన్నీ ముకాదం నోటితో హిందీలో చెప్పేవాడు. ముకాదం అంటే మగ్గాల వాళ్ల మీద మేస్త్రీ. ఆయన లాక్‌డౌన్ మొదట్లోనే తన ఊరికి వెళ్లిపోయాడు. శేఠ్ కొడుకు పెద్ద చదువు చదివి కొత్తగా ఆఫీసులో కూర్చున్నాడు. మెసేజ్ ఆయన పెట్టిందే. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆల్ ఆపరేటర్స్ స్టాండ్ రిలీవ్డ్. దోజ్ విల్లింగ్ టు బి రిటైన్డ్ షల్ రిపోర్ట్ టు ది ఆఫీస్ బై సాటర్‌డే, ఫెయిలింగ్ విచ్ దెయిర్ నేమ్స్ షల్ బి స్ట్రక్ ఆఫ్."

దాని అర్థం ఇంతే. అందరినీ పనిలోంచి తీసేశాం, మళ్లీ పని కావాలన్నవాళ్లు శనివారం లోపు ఆఫీసుకు రండి, రాకపోతే పేరు కొట్టేస్తాం. పని కావాలంటే శనివారం లోపు రండి అని హిందీలో ఒక్క ముక్క మాట్లాడి పంపితే ముసలివాళ్లకు కూడా అర్థమయ్యేది. అక్షరం రాని మనుషుల మీదికి ఆ స్టాండ్ రిలీవ్డ్ ఏమిటి? అందులో ఎవరూ నిలబడేది లేదు, ఎవరికీ ఊరట కలిగేది లేదు.

బాపు, అవ్వ, బాపుతోపాటే శేఠ్ దగ్గర పనిచేసే పక్క గది ఆయన నా చుట్టూ కూర్చున్నారు. ఆయన్ను కాక, అంటే బాబాయి, అని పిలిచేదాన్ని. కాక భార్యాపిల్లలు ఊళ్లో ఉన్నారు. ఊరికి పోయే స్పెషల్ రైళ్ల కోసం ఆయన అప్పటికే మూడు చోట్ల పేరు రాయించుకున్నాడు. రోజూ సాయంత్రం ఫోన్‌లో కొడుకు గొంతు విని కళ్లు తుడుచుకునేవాడు.

"జర సదువు బిడ్డా, శేఠ్ ఏం పెట్టిండో," అన్నాడు కాక.

మొదట ఇంగ్లీషులో గడగడా చదివాను. అర్థం కాకపోయినా అందరూ తలలూపారు. తర్వాత విడమరచడం మొదలుపెట్టాను. "స్టాండ్ అంటే నిలబడుడు. రిలీవ్డ్ అంటే రిలీఫ్. అందరినీ లైన్ల నిలబెట్టి రిలీఫ్ ఇస్తరట."

"రిలీఫంటే?" అంది అవ్వ.

"రేషన్ కిట్టు."

ఆ రోజుల్లో రిలీఫ్ అంటే మాకు అదే. బియ్యం సంచీల మీద, వ్యాన్ల మీద, బ్యానర్ల మీద అదే మాట. అవ్వ ముఖం విప్పారింది. "ఇన్నాళ్లకు శేఠ్‌కు మనసచ్చింది. నూనె ప్యాకిటి గిట్ల ఇస్తరా సూడు," అంది.

రెండో వాక్యం దగ్గర ఆగాను. రిటైన్డ్. ఆ మాట నేను అంతకుముందు చూడలేదు. మధ్యలో ఏ, ఐ ఉన్నాయి. రిటర్న్ నాకు తెలుసు. ఆ నెలలో వరసంతా జపించిన మాట అదే. అందరూ వాపస్ పోవడం గురించే మాట్లాడుతున్నారు, అందరి పేర్లూ రాస్తున్నారు, రానివాళ్ల పేర్లు జాబితాలోంచి కొట్టేస్తున్నారు. ఈ మెసేజ్‌లో కూడా పేర్లు, కొట్టేయడం ఉన్నాయి. అన్నీ ఎంత చక్కగా కుదిరాయంటే, కుదరనిది ఆ ఒక్క మాటే.

"శేఠ్ కొడుకు స్పెల్లింగు తప్పు రాసిండు," అన్నాను. "రిటర్న్ అని రాయాలె. ఊరికి వాపస్ పోయేటోళ్లు శనివారం లోపట ఆఫీసుకొచ్చి పేరియ్యాలె. లేకుంటే రైలు లిస్టుల పేరు కొట్టేస్తరట."

కాక చేతులు జోడించాడు. బాపుకైతే నవ్వు ఆగలేదు. "అంత సదివినోనికి నా బిడ్డ తప్పు పట్టె సూడు," అని తొడ చరిచాడు. ఆయన అంత సంబరపడింది మళ్లీ నేను చూడలేదు.

నవ్వు అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు. "మరి పోనోళ్లు?"

"పోనోళ్లు ఆఫీసుకు రావాల్సిన పని లేదు," అన్నాను.

ఆ మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు. నేనే కలిపాను.

"అయితే మనం ఇంట్లనే ఉందాం. ఊళ్లె ఏమున్నది మనకు? మగ్గాలు తెరిస్తె నావి నాకియ్యరా? పిల్ల సదువు గూడ ఈడ్నే ఉండె," అన్నాడు బాపు.

లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మధ్యాహ్నం సారుకు మెసేజ్ పెట్టాను, స్టాండ్ రిలీవ్డ్ అంటే ఏమిటి సర్ అని. సాయంత్రానికి జవాబొచ్చింది. స్టాండ్ నీకు తెలుసు, రిలీవ్డ్ నాలుగో పాఠంలో చెప్పాను, ముందు హోంవర్క్ పంపు అని. నాలుగో పాఠం తీసి చూస్తే రిలీవ్డ్ అంటే కష్టం తీరి సంతోషించుట అని నా చేత్తోనే రాసుకుని ఉన్నాను. ఇంకేం కావాలి? రిటైన్డ్ గురించి మాత్రం అడగలేదు. నేను దిద్దేసిన మాటను మళ్లీ ఇంకొకరిని అడగడమేమిటి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టుంది నా వరస.

శనివారం పొద్దున్నే కాక స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆధార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి అక్కడికే రైలెక్కిస్తారేమో అని అవ్వ నాలుగు రొట్టెలు కాల్చి, ఉల్లిగడ్డ కారం పెట్టి మూటకట్టి ఇచ్చింది. వరసలో ఆడవాళ్లు గడపల్లో నిలబడి పైలంగా పో అన్నారు. ఆయన అందరికీ దండం పెట్టి నడుచుకుంటూ వెళ్లాడు.

పొద్దు గూకే వేళకు మూటతోనే వచ్చాడు. మూటను గడప మీద పెట్టాడు.

"రైలు లేదు, ఏం లేదు," అన్నాడు. "సంతకం పెట్టమన్నరు, పెట్టిన. సోమారం పొద్దుగాల డ్యూటీకి రమ్మన్నరు. నేను ఇంటికి పోత సాబ్ అంటె, మరి ఎందుకొచ్చినవ్ అని ఆ క్లర్కు నవ్వుతుండు."

"నువ్వు సరిగ్గ అడగలే కాకా," అన్నాను నేను.

కాక నా వైపు ఎగాదిగా చూశాడు. బాపు అప్పటికే లేచి చెప్పుల దగ్గరికి వెళ్లాడు. ఆఫీసు మూసే వేళ దాటిపోయిందని కాక చెప్పాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఆదివారం ఎలా గడిచిందో అడగకండి. సోమవారం ఇద్దరూ కలిసి వెళ్లారు. బాపు ఒక్కడే పది గంటలకల్లా తిరిగొచ్చాడు. నల్లా దగ్గర కాళ్లు కడుక్కున్నాడు, ఎంతసేపు కడుక్కున్నాడో. అవ్వ గడపలో నిలబడి, "ఏమన్నరు?" అంది.

"సగం మగ్గాలే నడిపిస్తరట. శనివారం వచ్చినోళ్లకు పనిచ్చిండ్రు. నా పేరు కొట్టేసిండ్రు."

అవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. ఆమె ఏమంటుందోనని నేను గోడ వైపుకు జరిగాను. కానీ బాపు ఆమెను నోరు తెరవనియ్యలేదు.

"పిల్ల సదివింది కరెక్టే. ఆల్లే మాట మార్చిండ్రు. ముందుగాల ఒకటి రాస్తరు, తర్వాత ఒకటంటరు. పెద్దోళ్ల కత గట్లనే ఉంటది, ఇడ్సిపెట్టు," అన్నాడు.

నేను నమ్మాను. నమ్మడమేమిటి, ఎగిరిపడ్డాను. మాట మీద నిలబడని శేఠ్ అని, స్పెల్లింగు రాని కొడుకని నల్లా దగ్గర, ఖిచిడీ లైన్లో, ఎక్కడ పడితే అక్కడ తిట్టాను. వరసంతా నాతో కలిసి తిట్టింది. బాపు ఒక్కడే ఆ తిట్లలో కలిసేవాడు కాదు.

ఊరికి పోవాలని ఏడ్చిన కాకకు పని దొరికింది. ఇక్కడే ఉండాలనుకున్న బాపుకు పోయింది. అంతకన్నా ఘోరం, కాకకు ఇచ్చింది బాపు ఎనిమిది మగ్గాలనే. వారం తిరక్కుండా ఆయన మా గడపలోకొచ్చి, తల వంచుకుని, "మూడోది మాటిమాటికి ఆగుతున్నదన్నా, ఏం జెయ్యాలె?" అని అడిగాడు. బాపు పట్టీ ఎక్కడ బిగించాలో, ఏ పక్క ఎంత నూనె వేయాలో గాల్లో చేతులు తిప్పుతూ చెప్పాడు. చెప్పి, ఎడమ పక్క గట్టిగ బిగించకు, దానికి పడదు అన్నాడు. నేను లోపల పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది.

వానలు పడ్డాక మార్కెట్లు తెరిచారు. బాపు రింగ్ రోడ్‌లో గుడ్డల పార్సెళ్లు మోసే పనికి కుదిరాడు. ఇరవై ఏళ్లు దారంతో మాట్లాడిన వేళ్లకు గోనె తాళ్లు కోసుకుపోయేవి. కనుబొమ్మల మీద నూగు రావడం ఆగిపోయింది. అవ్వ ఇప్పుడు కొంగుతో తుడవడానికి ఏమీ లేక, వేడినీళ్లలో గుడ్డ ముంచి ఆయన భుజానికి కాపడం పెట్టేది.

దీపావళి తర్వాత ఒకరోజు క్లాసులో సారు ఖాళీలు పూరించమని పది వాక్యాలిచ్చాడు. ఆరోదాని దగ్గర ఆగిపోయాను. యజమాని మంచి పనివాళ్లను డాష్ చేయాలనుకున్నాడు. బ్రాకెట్లో రెండు మాటలు, రిటర్న్, రిటైన్. ఏ, ఐ ఉన్న అదే మాట అచ్చులో, తప్పు లేకుండా నా ముందు ఉంది. సారు విసుగ్గా, "రిటైన్ అంటే ఉంచుకోవడం, ఇది కూడా రాదా?" అని ఎవరినో కసిరాడు. నేను రిటైన్ అని రాసి పంపాను. సారు రైట్ కొట్టి, గుడ్ అని పెట్టాడు. ఆ గుడ్ చూసి ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఉన్నది ఒక్కటే ఫోను కాబట్టి కొట్టలేదు.

ఆ సాయంత్రం బాపు వచ్చేదాకా ఏమీ తినలేదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాక ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"బాపూ, రిటైన్ అంటే వాపస్ పోవుడు కాదు. పనిల ఉంచుకునుడు. నేనే తప్పు సదివిన."

"ఎర్కే," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"ఆ సోమారం సంది. గేటుకాడ క్లర్కు హిందీల ఇడమరిచి చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే? ఊరంత తిరిగి ఆల్లను తిడుతుంటే సూస్కుంట ఎట్ల ఊకున్నవ్?" అరిచేశాను. ఏడుపు కూడా వచ్చింది.

బాపు నన్ను పక్కన కూర్చోమన్నాడు. కూర్చోలేదు. "చెప్తే నువ్వు మల్ల మాకు సదివిపెడ్తువా బిడ్డా?" అన్నాడు. "భయపడి బంద్ జేద్దువు. ఇంట్ల సదివేటిది నువ్వొక్కదానివే."

నన్ను తిట్టి ఉంటే, రెండు దెబ్బలేసి ఉంటే మనసు ఎంత తేలికయ్యేదో. ఆయన అదీ చేయలేదు. ఆ మరుసటి రోజే కరెంటు బిల్లు తెచ్చి, ఏమీ జరగనట్టు నా చేతిలో పెట్టాడు.

ఆ రూముల వరస ఇప్పుడు లేదు. అక్కడ నాలుగంతస్తుల బిల్డింగు లేచింది. ఆ కార్ఖానాలో పాత మగ్గాలు పీకేసి తూకానికి అమ్మేశారని, నీళ్ల ధారతో నేసే కొత్త మెషీన్లు పెట్టారని కాక చెప్పాడు. శేఠ్ కొడుకు ఇప్పటికీ అలాంటి ఇంగ్లీషే రాస్తుంటాడు, ఎవరింట్లోనో ఎవరో పిల్ల దాన్ని తనకు తోచినట్టు చదువుతుంటుంది. నా కోపం ఆయన మీద తగ్గలేదు, సారు మీదా తగ్గలేదు. కానీ పోనోళ్లు రావాల్సిన పని లేదు అన్నది వాళ్లిద్దరూ కాదు.

బాపు ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తాడు. నేను రెండుసార్లు చదువుతాను. తెలియని మాట తగిలితే దాని మీద వేలు పెట్టి, "ఇది నాకు తెల్వదు బాపూ, కనుక్కొని చెప్త," అంటాను. ఆయన సరేనని తలూపుతాడు. ఆ ఒక్క మాట నాకు నేర్పడానికి బాపు ఎనిమిది మగ్గాలు పోగొట్టుకున్నాడు.